ఎంబీబీఎస్ చేసి అమెరికా వచ్చాను: సర్జికల్ అసిస్టెంట్ పనికి లైసెన్స్ తప్పనిసరా? టెక్సాస్, వర్జీనియా రూల్స్ తెలిసినవాళ్లు చెప్పగలరు

స్వాతి_ఫ్రిస్కో
శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదవడమే గాని ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఎంబీబీఎస్ ఆంధ్రాలో అయింది. ఇంటర్న్‌షిప్ తర్వాత కొన్నాళ్లు సర్జరీ యూనిట్‌లో డ్యూటీ డాక్టర్‌గా చేశాను. పెళ్లయ్యాక ఫ్రిస్కో వచ్చాం. హెచ్4 ఈఏడీ ఉంది, అంటే మావారి వీసా మీద వచ్చినా పని చేసుకునే అనుమతి. విదేశీ డాక్టర్లు రెసిడెన్సీకి ముందు తెచ్చుకోవాల్సిన ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ చేతికొచ్చింది, మ్యాచ్ మాత్రం రాలేదు, అంటే రెసిడెన్సీ (పీజీ ట్రైనింగ్) సీటు దొరకలేదు. ఇంట్లో కూర్చుంటే సీవీలో గ్యాప్ పెరిగిపోతోంది.

మొన్న ఒక ఫంక్షన్‌లో ఒకావిడ "సర్జికల్ అసిస్టెంట్‌గా చేరిపోమ్మా, మనవాళ్లు చాలామంది చేస్తున్నారు" అన్నారు. ఆపరేషన్‌లో సర్జన్ పక్కన నిలబడి సాయం చేసే పని అది. అప్పట్నుంచి వెతుకుతున్నాను. టెక్సాస్‌లో లైసెన్స్ ఉండాలని ఒకచోట ఉంది, అక్కర్లేదని ఇంకోచోట ఉంది. పైగా మావారి ప్రాజెక్ట్ ఆష్‌బర్న్‌కి మారేలా ఉంది, అంటే వర్జీనియా. అక్కడ రూలే వేరట.

ముందు సర్టిఫికేషనా, ముందు ఉద్యోగమా? ఇక్కడ తెచ్చుకున్నది అక్కడ చెల్లుతుందా? తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

మెడికల్‌సెంటర్_రాజు
శనివారం రాత్రి 11:15

స్వాతి గారూ, మీరు చదివిన రెండూ నిజమే. టెక్సాస్ చట్టమే అలా ఉంది. నేను హ్యూస్టన్‌లో ఎల్‌ఎస్‌ఏగా (లైసెన్స్‌డ్ సర్జికల్ అసిస్టెంట్‌గా) చేస్తున్నాను, నాదీ మన ఊరి ఎంబీబీఎస్సే.

టెక్సాస్ ఆక్యుపేషన్స్ కోడ్‌లో 206వ అధ్యాయం తీయండి. 2001లో వచ్చింది, అమలు చేసేది టెక్సాస్ మెడికల్ బోర్డ్. అందరూ నేరుగా అర్హతల సెక్షన్‌కి వెళ్లి కంగారు పడతారు. దానికంటే ముందు 206.002 చదవండి. ఈ చట్టం ఎవరికి వర్తించదో అందులో ఉంటుంది. ఈ కోర్సు చదివే స్టూడెంట్లు, ఫెడరల్ ఉద్యోగంలో ఉన్నవాళ్లు, రిజిస్టర్డ్ నర్సులు, పీఏలు (ఫిజీషియన్ అసిస్టెంట్లు), వీళ్లతోపాటు "లైసెన్స్ ఉన్న డాక్టర్ అప్పగించిన అధికారంతో పనిచేసే వ్యక్తి" అని ఒక ముక్క. ఆ ఒక్క ముక్కలో లారీ పట్టేంత సందు ఉంది. అంటే మీకు లైసెన్స్ లేకపోయినా సర్జన్ తన బాధ్యత మీద మిమ్మల్ని టేబుల్ పక్కన నిలబెట్టుకోవచ్చు. లైసెన్స్‌డ్ సర్జికల్ అసిస్టెంట్ అని మాత్రం చెప్పుకోకూడదు.

ఇక లైసెన్సే కావాలంటే కనీసం అసోసియేట్ డిగ్రీ, సర్జికల్ అసిస్టెంట్ ప్రోగ్రామ్ గాని దానికి సమానమైన చదువు గాని, ఒక నేషనల్ సర్టిఫికేషన్ పరీక్ష, బోర్డు వాళ్ల జూరిస్‌ప్రుడెన్స్ (వైద్య చట్టాల) పరీక్ష ఉండాలి. వీటన్నిటికీ మించి, దరఖాస్తుకు ముందు మూడేళ్లలో ఓఆర్‌లో (ఆపరేషన్ థియేటర్‌లో) అసిస్టెంట్‌గా 2,000 గంటలు చూపించాలి. లైసెన్స్ రాకముందే ఆ గంటలు ఎక్కడినుంచి వస్తాయంటారా? ఆ సందులోంచే వస్తాయి. మా బ్యాచ్‌లో అందరం అలాగే వచ్చాం.

మెడికల్ కాలేజీ చదువుని ప్రోగ్రామ్‌కి సమానంగా చూసే దారి బోర్డు రూల్స్‌లో ఉండేది. 2025 జనవరిలో బోర్డు తన రూల్స్ మొత్తం రద్దు చేసి కొత్తగా రాసింది. కాబట్టి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పాత పీడీఎఫ్‌లు పక్కనపెట్టి బోర్డు సైట్‌లో ఇప్పుడున్నది చూసుకోండి.

నెల్లూరోడు
ఆదివారం ఉదయం 7:20

అంటే రాజన్నా, ప్లానోలో మా నాన్న మోకాలి ఆపరేషన్ చేసినప్పుడు లోపల కుట్లు వేసినోడికి లైసెన్స్ ఉండొచ్చు, లేకపోనూ వచ్చు, రెండూ చట్టబద్ధమే అన్నమాట! ఇక్కడ జుట్టు కత్తిరించేవాడికి లైసెన్స్ కావాలి, గోళ్లకి రంగేసేదానికి లైసెన్స్ కావాలి. తొడ కోసి కుట్టేవాడికి అక్కర్లేదా? ఇదెక్కడి న్యాయం అబ్బా.

మెడికల్‌సెంటర్_రాజు
ఆదివారం ఉదయం 8:05

తమ్ముడూ, కోసేవాడికి లైసెన్స్ ఉంది, ఆయన సర్జన్. ఆయన గదిలో ఉండగా, ఆయన చూస్తుండగా జరిగే పని ఇది. టెక్సాస్‌లో డాక్టర్ తన పనిలో కొంత భాగాన్ని తగిన శిక్షణ ఉన్న మనిషికి అప్పగించడానికి వేరే అధ్యాయం ఉంది, 157. ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

పైగా చట్టం వదిలేసినంత మాత్రాన ఆసుపత్రి వదలదు. క్రెడెన్షియలింగ్ అని ఒక గండం ఉంది. సర్టిఫికేషన్ కాపీ, బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు ప్రాణం నిలబెట్టే శిక్షణ) కాగితాలు, టీకాల రికార్డు, టీబీ పరీక్ష, డ్రగ్ టెస్ట్, నేర చరిత్ర, మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్, కేసుల లాగ్, సర్జన్ల లేఖలు. ఇవన్నీ కమిటీ చూసి, ఫలానా ఫలానా పనులు చెయ్యొచ్చని ఒక్కో ప్రొసీజర్‌కీ టిక్కు పెట్టి ఇస్తారు. నాకు కెమెరా పట్టుకోవడానికి, చర్మం కుట్టడానికి ముందు వచ్చింది. కాలి నుంచి సిర తీయడానికి విడిగా, కేసులు చూపించాక వచ్చింది. పెద్ద ఆసుపత్రుల్లో ఎల్‌ఎస్‌ఏ గాని సర్టిఫికేషన్ గాని లేకుండా గుమ్మం దాటనివ్వరు. చట్టం కంటే ఆసుపత్రి బైలాసే గట్టి.

రిచ్‌మండ్_సర్జన్
ఆదివారం మధ్యాహ్నం 12:48

వర్జీనియా సంగతి నేను చెబుతాను. ఇక్కడ జనరల్ సర్జరీ చేస్తున్నాను.

మా దగ్గర కథ రెండు అంచెల్లో నడిచింది. 2014లో వచ్చింది ఉత్త రిజిస్ట్రేషన్. ఇష్టమున్నవాళ్లు పేరు నమోదు చేయించుకోవచ్చు, లేనివాళ్లు మానేయొచ్చు. 2020లో దాన్ని తీసేసి లైసెన్స్ పెట్టారు, చట్టం ఆ ఏడాది జూలై 1 నుంచి. ఇప్పుడు వర్జీనియా బోర్డ్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చే లైసెన్స్ లేకుండా ఆ పనీ చేయకూడదు, ఆ పేరూ పెట్టుకోకూడదు. అప్పటికే ఇక్కడ పనిచేస్తున్నవాళ్ల పొట్ట కొట్టకూడదని, చట్టానికి ముందు ఆరు నెలల్లో పనిచేసినవాళ్లకి ఒక వెసులుబాటు ఇచ్చారు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, కొత్తగా వచ్చేవాళ్లకి పనికిరాదు.

నాకు ఈ చట్టంలో నచ్చింది నిర్వచనం. సర్జికల్ అసిస్టింగ్ అంటే ఏమిటో దాచకుండా రాశారు: అవయవాలను పట్టుకుని జరపడం, కణజాలాన్ని కుట్టడం, రక్తం ఆపే పదార్థాలు పెట్టడం, లోకల్ అనస్థీషియా ఇంజెక్షన్, సిర తీయడం, పరికరాలు అమర్చడం, డాక్టర్ చెప్పిన ఇతర పనులు, అన్నీ ప్రత్యక్ష పర్యవేక్షణలో. "సాయం చేస్తారు లెండి" అని పేషెంట్‌కి పైపైన చెప్పే మాట వెనక ఇంత ఉంది.

స్వాతి, నీకు ముఖ్యమైనది ఇది. టెక్సాస్ గంటలు అడుగుతుంది, వర్జీనియా సర్టిఫికేట్ అడుగుతుంది. ఇక్కడ ముందు పని చేసి తర్వాత లైసెన్స్ అనే దారి లేదు. వర్జీనియా చట్టంలో సర్టిఫికేట్ ఇచ్చే సంస్థల పేర్లు రాసి ఉంటాయి, ఎన్‌బీఎస్‌టీఎస్‌ఏ, ఎన్‌సీసీఎస్‌ఏ అని. మొదటిది ఇచ్చేది సీఎస్‌ఎఫ్‌ఏ, రెండోది ఇచ్చేది సీఎస్‌ఏ. ఏబీఎస్‌ఏ వాళ్ల ఎస్‌ఏ-సీ అని మూడోది ఉంది, మన విదేశీ గ్రాడ్యుయేట్లు ఎక్కువగా దాని దగ్గరికే వెళ్తారు. టెక్సాస్‌లో అది బాగానే చెల్లుతుంది, మా చట్టంలో మాత్రం ఆ పేరు లేదు. డబ్బు కట్టేముందు రిచ్‌మండ్‌లోని బోర్డుకి ఒక ఈమెయిల్ పెట్టి, నీ సర్టిఫికేట్ పేరు రాసి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకో.

బిల్లింగ్_బాబాయ్
ఆదివారం సాయంత్రం 5:30

పిల్లలూ, మీరు భద్రత గురించి మాట్లాడుకుంటున్నారు. నేను పైసల గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఈ లైసెన్స్ బిల్లుల వెనక సగం గొడవ అదే. అట్లాంటాలో ఇరవై ఏళ్లకు పైగా మెడికల్ బిల్లింగ్ చూస్తున్నాను.

మెడికేర్, అంటే పెద్దవయసు వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, దాని లెక్క చెప్తా వినండి. ఆపరేషన్‌కి సర్జన్ ఫీజు 2,000 డాలర్లు అనుకోండి. పక్కన అసిస్ట్ చేసింది ఇంకో సర్జన్ అయితే అందులో 16 శాతం, 320 డాలర్లు. అదే పని పీఏ గాని, నర్స్ ప్రాక్టీషనర్ గాని, క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్ గాని చేస్తే బిల్లు మీద ఏఎస్ అనే గుర్తు (మాడిఫయర్) పెడతాం, ఆ 320లో 85 శాతం వస్తుంది, 272. అదే పని సీఎస్‌ఎఫ్‌ఏ, సీఎస్‌ఏ, ఎల్‌ఎస్‌ఏ చేస్తే? సున్నా. మెడికేర్ దృష్టిలో వాళ్లు ప్రొవైడర్లే కారు. లైసెన్స్ ఉన్నా లేకున్నా సున్నాయే. రెసిడెంట్లు ఉన్న టీచింగ్ ఆసుపత్రిలో అయితే అర్హుడైన రెసిడెంట్ దొరకలేదని చూపిస్తే తప్ప రెండో సర్జన్‌కి కూడా ఇవ్వరు.

మరి వీళ్ల జీతం ఎక్కడినుంచి? ఆసుపత్రి ఉద్యోగి అయితే ఆసుపత్రి ఖర్చు. సొంత గ్రూపు అయితే ప్రైవేట్ ఇన్సూరెన్స్. అక్కడే రాష్ట్ర లైసెన్స్ పనికొస్తుంది. "ఈ మనిషిని రాష్ట్రం గుర్తించింది, డబ్బు ఇవ్వు" అని అడగడానికి ఒక కాగితం. టెక్సాస్ ఇన్సూరెన్స్ కోడ్‌లో సర్జికల్ అసిస్టెంట్‌ని ప్రాక్టీషనర్ల జాబితాలో చేర్చారు. రాజు లాంటివాళ్లు లైసెన్స్ కోసం తిప్పలు పడేది అందుకే గాని, లేకపోతే పోలీసులు పట్టుకుపోతారని కాదు. ఏం రాజూ, కాదంటావా?

ఒకప్పుడు ఈ దారిలో పేషెంట్లకి నరకం చూపించారు. సర్జన్ ఇన్సూరెన్స్ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉంటాడు, ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంటుంది, అసిస్టెంట్ ఉండడు. మత్తులో ఉన్న మనిషి తన అసిస్టెంట్‌ని ఎంచుకుంటాడా? నెల తర్వాత వేల డాలర్ల బిల్లు ఇంటికొచ్చేది. 2022 జనవరి 1 నుంచి నో సర్ప్రైజెస్ యాక్ట్ వచ్చాక నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆ వేషాలు సాగవు. అసిస్టెంట్ సర్జన్ సేవలు ఎలాంటివంటే, పేషెంట్‌తో ముందే సంతకం పెట్టించుకున్నా అదనంగా గుంజడానికి వీల్లేదు. టెక్సాస్‌లో 2020 నుంచే రాష్ట్ర చట్టం ఉంది.

అన్నట్టు స్వాతీ, హెచ్4 ఈఏడీ ఉంది కాబట్టి నీకు నడుస్తుంది. ఈ పని మీద హెచ్1 వీసా చేయిస్తామని ఎవరైనా చెబితే నమ్మకు. మామూలుగా డిగ్రీ తప్పనిసరి కాని ఉద్యోగానికి అది నిలబెట్టడం చాలా కష్టం.

మెడికల్‌సెంటర్_రాజు
ఆదివారం సాయంత్రం 6:02

కాదనను బాబాయ్. కానీ పైసల కోసం మొదలైన కాగితమైనా దానివల్ల బోర్డు చేతికి ఒక పగ్గం వచ్చింది. నా మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే లైసెన్స్ సస్పెండ్ చేస్తారు. అప్పగింత కింద పనిచేసేవాడి మీద బోర్డు ఏం చేస్తుంది? సర్జన్‌ని పిలిచి అడుగుతుంది, అంతే. వాడు మర్నాడు ఇంకో ఊళ్లో చేరతాడు.

నైట్‌షిఫ్ట్_మేరీ
ఆదివారం రాత్రి 10:17

నేను షికాగో పక్కన ఓఆర్ నర్స్‌ని, సర్క్యులేటింగ్ చేస్తాను, అంటే స్క్రబ్ కాకుండా గదిలో మిగతా పనులు చూసుకుంటాను. మా ఇల్లినాయ్ చట్టం పేరులోనే అంతా ఉంది, టైటిల్ ప్రొటెక్షన్ యాక్ట్. రిజిస్టర్డ్ సర్జికల్ అసిస్టెంట్ అనే పేరుని కాపాడుతుంది, అంతవరకే. రిజిస్టర్ చేయించుకోకుండా అదే పని చేసేవాళ్లు పక్క గదిలోనే ఉంటారు.

నెల్లూరు తమ్ముడి కోపం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకి తెలియదు. రోబో కేసు తీసుకోండి. సర్జన్ కన్సోల్ దగ్గర, టేబుల్‌కి కొన్ని అడుగుల దూరంలో, తల లోపలికి పెట్టి కూర్చుంటాడు. చాలామంది పెడల్స్ బాగా తెలియాలని బూట్లు కూడా విప్పేస్తారు. స్టెరైల్ గౌను ఉండదు, గ్లవ్స్ ఉండవు. పేషెంట్ పక్కన స్క్రబ్ అయి నిలబడేది ఫస్ట్ అసిస్టెంట్. రోబో చేతిలోంచి గ్రాస్పర్ తీసి నీడిల్ డ్రైవర్ ఎక్కించాలి, సక్షన్ పట్టాలి, క్లిప్ వేయాలి, సూది లోపలికి పంపి మళ్లీ లెక్కతో బయటికి తీయాలి. రక్తనాళం చిరిగిందనుకోండి, సర్జన్ లేచి, చేతులు కడుక్కుని, గౌను వేసుకుని టేబుల్ దగ్గరికి వచ్చేదాకా దాన్ని నొక్కిపట్టేది ఆ మనిషే. ఆ సమయంలో "ప్రత్యక్ష పర్యవేక్షణ" అంటే గది అవతల నుంచి అరుపులు.

నేను చేసిన ఒక ఆసుపత్రిలో, పేరు వద్దులెండి, అసిస్టెంట్ రాకపోతే స్క్రబ్ టెక్‌నే అసిస్ట్ కూడా చెయ్యమనేవారు. ఒక చేత్తో పరికరాలు అందించాలి, ఇంకో చేత్తో కోతని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టాలి. చివర్లో స్పాంజి లెక్క తేలక ఎక్స్‌రే తీయించిన రోజులున్నాయి. అడిగితే "మన రాష్ట్రంలో అడ్డేమీ లేదు" అనేవారు. టైటిల్‌ని కాపాడే చట్టం ఇలాంటిచోట ఏమీ చేయదు. మా ఆర్ఎన్ఎఫ్ఏలు, అంటే ఫస్ట్ అసిస్ట్ చేసే నర్సులు, నర్సింగ్ బోర్డు కింద ఉంటారు. తప్పు చేస్తే నర్స్ లైసెన్సే పోతుంది. అందుకే వాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు.

నెల్లూరోడు
సోమవారం ఉదయం 6:55

మేరీ అక్కా, నువ్వు చెప్పింది చదివాక నిద్ర పట్టలేదు. రాత్రంతా కూర్చుని వెతికితే కొలరాడో కథ దొరికింది. 2009లో డెన్వర్‌లో ఓఆర్‌లో పరికరాలు అందించే ఒక సర్జికల్ టెక్ పేషెంట్ల ఫెంటానిల్ (నొప్పి తగ్గించే మత్తుమందు) సిరంజీలు దొంగిలించి, తను వాడిన సిరంజీల్లో సెలైన్ నింపి పెట్టింది. ఆమెకి హెపటైటిస్ సి. పేషెంట్లకి అంటుకుంది. 30 ఏళ్ల జైలు పడింది. ఆ దెబ్బకి 2010లో కొలరాడో వాళ్లు సర్జికల్ టెక్‌లు, సర్జికల్ అసిస్టెంట్లు అందరూ రిజిస్టర్ చేయించుకోవాలని చట్టం చేశారు. అదీ చట్టమంటే. 50 రాష్ట్రాలూ అలా చెయ్యొద్దా?

రిచ్‌మండ్_సర్జన్
సోమవారం ఉదయం 9:30

బాబూ, ఆ కథ అక్కడితో అయిపోలేదు. 2016లో అదే డెన్వర్ ప్రాంతంలో ఇంకో ఆసుపత్రిలో ఇంకో టెక్ ఫెంటానిల్ సిరంజీ మార్చేస్తూ దొరికాడు. అంతకుముందే నేవీలో ఇదే నేరానికి కోర్ట్ మార్షల్ అయినవాడు, వేరే రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఉద్యోగం పోగొట్టుకుని వచ్చినవాడు. కొలరాడో రిజిస్ట్రేషన్ ఉంది వాడికి. ఫారంలో అడిగినదానికి అబద్ధం రాశాడు, కాగితం వచ్చేసింది. వేల మంది పేషెంట్లని పిలిచి రక్తపరీక్షలు చేయించాల్సి వచ్చింది.

రిజిస్ట్రేషన్ అంటే ఎవరు ఎక్కడున్నారో తెలిసే పుస్తకం. రాసినదాన్ని సరిచూసేవాడు ఉంటేనే దానికి విలువ. లైసెన్స్ అంటే పని వచ్చా రాదా అని ముందే చూడటం. మందుల దొంగని ఆపడానికి మందుల అలమరా తాళం, పాత యజమానులు నిజం చెప్పడం, రాష్ట్రాల మధ్య సమాచారం కావాలి. లైసెన్స్ పరీక్షలో ఎనాటమీ ప్రశ్నలు దానికి మందు కాదు. రెండు వేర్వేరు జబ్బుల్ని ఒకే చట్టంతో కుదర్చాలని చూస్తే రెండూ కుదరవు.

అలాగని నేను చట్టాలకి వ్యతిరేకిని కాను. మా వర్జీనియా తీరే నాకు నచ్చుతుంది. వాషింగ్టన్ డీసీలోనూ లైసెన్స్ తప్పనిసరి. నెబ్రాస్కా 2016లో చేసింది. కెంటకీలో మెడికల్ బోర్డే సర్టిఫై చేస్తుంది. మిగతాచోట్ల ఎక్కువగా ఆసుపత్రుల దయ.

మెడికల్‌సెంటర్_రాజు
సోమవారం ఉదయం 10:11

సార్, మీ మాట మీద గౌరవం ఉంది, కానీ ఇక్కడ ఒప్పుకోను. మీ రాష్ట్రం సందు మూసేసింది, సరే. దాంతో స్వాతి లాంటివాళ్లు కోర్సుకి ఫీజు కట్టి సర్టిఫికేట్ తెచ్చుకుంటే గాని టేబుల్ దగ్గరికి రాలేరు. ఆమె మన దగ్గర సర్జరీ వార్డులో రాత్రంతా అపెండిక్స్‌లు, హెర్నియాలు అసిస్ట్ చేసి వచ్చిన మనిషి. నాట్లు ఎలా వేయాలో ఆమెకి ఎవరో నేర్పాలా? టెక్సాస్ సందు వల్లే నేను చేరాను, గంటలు పెరిగాయి, పరీక్ష రాశాను, లైసెన్స్ వచ్చింది. సందు మూసేవాళ్లు పక్కన ఇంకో తలుపు పెట్టాలి. ఏడాదిపాటు తాత్కాలిక లైసెన్స్ ఇచ్చి, సర్జన్ సంతకంతో కేసులు లెక్కేసి, తర్వాత పరీక్ష పెడితే ఏం పోయింది?

రిచ్‌మండ్_సర్జన్
సోమవారం ఉదయం 10:40

తాత్కాలిక లైసెన్స్ మాట బాగుంది, దానికి నేనూ ఓటేస్తాను. కానీ అనుభవం ఉందని నోటితో చెప్పేవాళ్లలో స్వాతి లాంటివాళ్లు ఎందరో, కాగితం మీద హౌస్ సర్జన్సీ చేసినవాళ్లు ఎందరో నాకు ఎలా తెలుస్తుంది? టేబుల్ దగ్గర తెలుసుకోవడం నాకిష్టం లేదు.

ఓటీ_శ్రీను
సోమవారం ఉదయం 11:25

అన్నలూ అక్కలూ, నేను హైదరాబాద్ నుంచి. బీఎస్సీ ఓటీ టెక్నాలజీ చేసిన, కార్పొరేట్ హాస్పిటల్ల చేస్తున్న. మీరు రాష్ట్రానికో రూలని పరేషాన్ అయితున్రు గని, మాకు దేశం మొత్తానికి ఒక్కటే చట్టం వచ్చింది, 2021ల. నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ యాక్ట్. ఓటీ టెక్నాలజిస్టు, అనస్థీషియా టెక్నాలజిస్టు, ఫిజీషియన్ అసోసియేట్ అందరూ అండ్ల ఉన్నరు, పది కేటగిరీలు పెట్టిన్రు. అలైడ్ ప్రొఫెషనల్ అంటే కనీసం 2,000 గంటల చదువు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అంటే 3,600 గంటలు. రాష్ట్రాలు కౌన్సిళ్లు పెట్టాలె. పెట్టకుండ జాగు చేస్తుంటే 2024 ఆగస్టుల సుప్రీంకోర్టు గట్టిగ చెప్పాల్సి వచ్చింది.

సర్జికల్ అసిస్టెంట్ అని మాకు వేరే కొలువే లేదు. పెద్ద హాస్పిటల్ల రిట్రాక్టర్ పీజీ స్టూడెంటో జూనియర్ డాక్టరో పడతడు. చిన్న నర్సింగ్ హోంల ఎవరు ఖాళీగ ఉంటే వాళ్లు పడతరు, ఇగ అర్థం చేస్కోండ్రి. పీఏ కోర్సు మాత్రం మన దగ్గర 1992లనే చెన్నైల మద్రాస్ మెడికల్ మిషన్‌ల షురూ అయింది, గుండె సర్జన్ డాక్టర్ కె.ఎం. చెరియన్ పెట్టించిండు. మా దోస్తులు కొందరు అది చదివి బైపాస్ కేసులల్ల కాలు నరం తీస్తున్నరు, మంచిగ చేస్తరు.

నాదొక సవాలు. నా బీఎస్సీ మీద అమెరికాల సర్జికల్ అసిస్టెంట్ అయితదా?

మెడికల్‌సెంటర్_రాజు
సోమవారం మధ్యాహ్నం 1:05

శ్రీనూ, నేరుగా కష్టం తమ్మీ. విదేశీ మెడికల్ గ్రాడ్యుయేట్ దారి ఎంబీబీఎస్ వాళ్లకి. నీకైతే ఇక్కడ సీఏఏహెచ్ఈపీ (ఇలాంటి కోర్సులని పరిశీలించే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ చదవాలి. వర్జీనియా నార్ఫోక్‌లో మాస్టర్స్ కూడా ఉంది, ఒకప్పటి ఈస్టర్న్ వర్జీనియా మెడికల్ స్కూల్‌లో. 2024 జూలైలో దాన్ని ఓల్డ్ డొమినియన్ యూనివర్సిటీలో కలిపేశారు. కానీ ఫీజు, వీసా, చదివాక హెచ్1 దొరక్కపోవడం అన్నీ లెక్కేసుకో. ఏజెంట్ చెప్పిన మాట మీద అప్పు చేసి రావొద్దు.

లెస్టర్_లక్ష్మి
సోమవారం మధ్యాహ్నం 2:50

ఇంగ్లండ్ నుంచి ఒక మాట, మీ గొడవలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇక్కడ ఫిజీషియన్ అసోసియేట్లని 2024 డిసెంబర్ 13 నుంచి జనరల్ మెడికల్ కౌన్సిల్ (జీఎంసీ) చేతిలో పెట్టారు, డాక్టర్లని చూసే సంస్థే వాళ్లనీ చూస్తుంది. గొడవ చల్లారుతుందనుకున్నాం, ఇంకా పెరిగింది. డాక్టర్ల రిజిస్టర్ ఉన్నచోటే వీళ్లూ ఉంటే పేషెంట్ తికమక పడతాడని డాక్టర్ల వాదన. 2025 జూలైలో ప్రభుత్వం వేయించిన లెంగ్ రివ్యూ వచ్చి పేరు మళ్లీ ఫిజీషియన్ అసిస్టెంట్‌గా మార్చమంది. ఓటీలో అసిస్ట్ చేసే సర్జికల్ కేర్ ప్రాక్టీషనర్లు మాత్రం అంతకుముందు ఏ నర్సో, ఓడీపీయో (ఆపరేటింగ్ డిపార్ట్‌మెంట్ ప్రాక్టీషనరో) అయి ఉంటారు, ఆ పాత రిజిస్ట్రేషన్ మీదే నడుస్తారు. ఎవరు చూడాలన్నదాని కంటే ఎవరు ఏ పని చెయ్యకూడదో రాయకపోవడమే మా దగ్గర ఇంత రభసకి కారణం. వర్జీనియా నిర్వచనం చదివి నాకు ముచ్చటేసింది.

మోడరేటర్
సోమవారం సాయంత్రం 4:00

ఈ థ్రెడ్‌లో "నాలుగు వారాల్లో సర్జికల్ అసిస్టెంట్ లైసెన్స్ గ్యారంటీ" అని పెట్టిన రెండు పోస్టులు తీసేశాం, ఆ ఐడీ బ్లాక్ అయింది. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్ర బోర్డు, కోచింగ్ సెంటర్ కాదు. ప్రైవేట్ మెసేజ్‌లో ఎవరైనా డబ్బు అడిగితే మాకు చెప్పండి. రోబో సర్జరీ మంచిదా చెడ్డదా అనే చర్చని వేరే థ్రెడ్‌కి మార్చాం.

స్వాతి_ఫ్రిస్కో
సోమవారం రాత్రి 9:10

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇవాళ బోర్డు సైట్‌లో 206.002 చదివాను. రాజు గారు చెప్పినట్టే ఉంది.

ఇంకో రెండు సందేహాలు. ఈ పని రెసిడెన్సీకి పనికొస్తుందా, లేక ఇందులోనే ఉండిపోతానా? రెండోది, మిజోరీలో అసిస్టెంట్ ఫిజీషియన్ అని ఏదో ఉందట, అదీ ఇదీ ఒకటేనా? ఇంకా... ఓఆర్‌లో నన్ను డాక్టర్ స్వాతి అని పిలిస్తే పర్వాలేదా? ఇక్కడ పరిచయమైన ఒక అక్క బ్యాడ్జి మీద అలాగే ఉంది.

రిచ్‌మండ్_సర్జన్
సోమవారం రాత్రి 10:22

మిజోరీది పూర్తిగా వేరు. 2014 చట్టం అది, రెసిడెన్సీ దొరకని మెడికల్ గ్రాడ్యుయేట్లు డాక్టర్ ఒప్పందం కింద వైద్యం చేయడానికి. పేషెంట్‌ని చూడొచ్చు, మందులు రాయొచ్చు. సర్జికల్ అసిస్టెంట్ మందులు రాయలేడు. 2023లో టెనసీ చేసిన చట్టం ఇంకోరకం, అది విదేశీ డాక్టర్లకి నేరుగా ప్రొవిజనల్ లైసెన్స్ ఇచ్చే దారి. మూడింటినీ కలిపి చదవకు.

రెసిడెన్సీ సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. సర్జరీ సీటుకి ఈ అనుభవం ఒక్కటే చాలదు. కానీ నెలల తరబడి నీ చేతుల్ని కళ్లారా చూసిన సర్జన్ రాసే లేఖకి, నాలుగు వారాలు పక్కన నిలబడి చూసే అబ్జర్వర్‌షిప్ లేఖకి చాలా తేడా ఉంటుంది. ఇంటర్నల్ మెడిసిన్‌కో ఫ్యామిలీ మెడిసిన్‌కో అప్లై చేసేటట్టయితే మాత్రం ఓఆర్ అనుభవం పెద్దగా పనిచెయ్యదు, అక్కడ వార్డు, క్లినిక్ చూస్తారు. ఏ స్పెషాలిటీ అన్నది ముందు తేల్చుకో, తర్వాత ఈ పనిలోకి దిగు. డబ్బు రుచి తగిలి మ్యాచ్ వదిలేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో కొందరు హాయిగానే ఉన్నారు, అదీ చెప్పాలి కదా.

మెడికల్‌సెంటర్_రాజు
సోమవారం రాత్రి 11:05

డాక్టర్ పిలుపు విషయంలో చాలా జాగ్రత్త తల్లీ. టెక్సాస్‌లో హీలింగ్ ఆర్ట్ ఐడెంటిఫికేషన్ యాక్ట్ అని ఉంది, ఆక్యుపేషన్స్ కోడ్‌లోనే 104వ అధ్యాయం. లైసెన్స్ లేకుండా పేషెంట్ ముందు డాక్టర్ అని చెప్పుకుంటే మీ ఎల్‌ఎస్‌ఏ దరఖాస్తుకే కాదు, రేపు రెసిడెన్సీ వచ్చాక ట్రైనింగ్ పర్మిట్‌కి కూడా ఎసరు. సర్జన్ అభిమానంతో "డాక్టర్ స్వాతి" అంటే నవ్వి ఊరుకోండి. ప్రీ-ఆప్‌లో పేషెంట్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం "నా పేరు స్వాతి, సర్జన్‌కి అసిస్ట్ చేస్తాను" అనండి, చాలు. ఆ అక్కకి బ్యాడ్జి మార్పించుకోమని చెప్పండి.

మీరు వర్జీనియా వెళ్లే అవకాశం ఉంది కాబట్టి రెండుచోట్లా చెల్లే సర్టిఫికేట్ వైపే వెళ్లండి. సీఎస్‌ఏకి విదేశీ మెడికల్ గ్రాడ్యుయేట్లు కూర్చునే దారి ఉంది, సర్జికల్ అనుభవం రుజువు చూపాలి. ఆ షరతులు ఎన్‌సీసీఎస్‌ఏ హ్యాండ్‌బుక్‌లో ఇప్పుడున్నవి చదవండి. ఈలోగా మావారి బదిలీ తేలేదాకా ఆగొద్దు, డాలస్‌లో అసిస్టింగ్ గ్రూపులకి రెజ్యూమే పంపండి. ఆర్థోపెడిక్స్ గ్రూపులు కొత్తవాళ్లని త్వరగా తీసుకుంటాయి. కాలు పట్టుకుని నిలబడే ఓపిక ఉండాలి, అంతే.

స్వాతి_ఫ్రిస్కో
సోమవారం రాత్రి 11:20

"మావారి బదిలీ" అన్నారేంటి రాజు గారూ 😄 మావారిది!

అర్థమైంది, సీఎస్‌ఏ వైపే వెళ్తాను. రేపు వర్జీనియా బోర్డుకి మెయిల్ పెడతాను. కేసుల లాగ్ మొదటి రోజు నుంచే రాయాలా? అందులో ఏమేం ఉండాలి?

మెడికల్‌సెంటర్_రాజు
సోమవారం రాత్రి 11:34

మీవారిదే లెండి 😄 కాల్‌లో ఉండి టైప్ చేస్తున్నా.

మొదటి కేసు నుంచే రాయండి. తేదీ, ఆసుపత్రి, ఆపరేషన్ పేరు, సీపీటీ కోడ్ (బిల్లులో ఆపరేషన్‌కి వేసే నంబరు), సర్జన్ పేరు, కోత నుంచి కట్టు దాకా ఎంతసేపు, మీరు స్వయంగా చేసిన పనులు (ఎక్స్‌పోజర్, కుట్లు, సిర తీయడం, రోబో పక్కన). పేషెంట్ పేరు, పుట్టినతేదీ, ఎంఆర్ఎన్ (ఆసుపత్రి రికార్డు నంబరు) ఏదీ వద్దు, పేషెంట్ గోప్యత చట్టం హిపాతో చిక్కు. నెలాఖరుకి సర్జన్ సంతకం అప్పటికప్పుడే తీసుకోండి. ఏడాది తర్వాత అడిగితే ఆయన ఇంకో రాష్ట్రం వెళ్లిపోయి ఉంటాడు, మీ 2,000 గంటల్లో మూడొందలు గాలికి పోతాయి. నా షీట్ ఖాళీ కాపీ మెసేజ్‌లో పంపాను, చూడండి.

బిల్లింగ్_బాబాయ్
మంగళవారం ఉదయం 7:02

రాజూ, ఆ షీట్‌లో ఇన్సూరెన్స్ ఏదో కూడా ఒక కాలమ్ పెట్టించు. ఏ కేసులు మెడికేర్‌వో తెలిస్తే గాని గ్రూపు వాళ్లు ఇచ్చే రేటు సరైందో కాదో అమ్మాయికి తెలియదు.